నేను తీసేసిన తెలుగు

చాలా చిన్న ఫైలది. ఫోనులో తీసిన ఒక ఫోటోలో వందో వంతు కూడా ఉండదు. అది ఇన్నేళ్ళు నా మీద బరువుగా కూర్చుందంటే నవ్వుతారు. నవ్వండి. షాపులో మెషిన్లు మారాయి, డిస్కులు మారాయి, ఆఖరికి షాపే ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారింది. ప్రతిసారీ ముందు దాన్ని కాపీ చేసుకునేదాన్ని, తర్వాతే మిగతావి. పారేయడానికి చెయ్యి రాలేదు. ఇవ్వాల్సిన మనిషికి ఇవ్వడానికి నోరు రాలేదు. మొన్న ఒకరికి చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే నా ధైర్యం.

ముందే ఒక మాట అనుకుందాం. నన్ను మంచిదాన్ని చేయాలని చూడొద్దు. అలాగని దొరికిన ప్రతి తప్పూ తెచ్చి నా నెత్తిన పెట్టొద్దు. నేను చేసినవాటిలో చాలావాటికి నాకు సిగ్గు లేదు. ఒక్కదానికే ఉంది. అదేదో చెప్పేదాకా కాస్త ఓపిక పట్టండి.

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. కిరాణా హోల్‌సేల్ చేసే ఇంట్లో పుట్టాను. చదివించినంత కాలం మా నాయన గర్వంగానే ఉన్నాడు కానీ, నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని బజారులో కూర్చుంటానంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు. మొదట్లో షాపులోకి వచ్చినవాళ్ళు "ఎవరూ లేరా అమ్మా?" అని అడిగేవాళ్ళు. నేను ఎదురుగానే నిలబడి ఉండేదాన్ని. ఆ ప్రశ్న మానిపించడానికి చాలా కాలం పట్టింది. మానిపించాను.

మా దగ్గరికి వచ్చే మెషిన్లు ఎలాంటివో మీకు తెలియాలి. సిటీ ఆఫీసులు వాడి వాడి అవతల పడేసినవి. లాట్లు లాట్లుగా లారీల్లో వచ్చేవి. ర్యామ్ తక్కువ, డిస్కు చిన్నది. కొనకనమిట్లలో ఎరువుల దుకాణం వాళ్ళకైనా, కొమరోలులో నెట్ సెంటర్ పెట్టుకున్నావిడకైనా, కనిగిరిలో పెళ్ళికార్డులు వేసే ఆయనకైనా అవే గతి. వాటిలో కంపెనీ ఇచ్చిన విండోస్‌ని ఇచ్చినట్టే ఎక్కిస్తే, ఆన్ చేసి అన్నం తిని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి.

విండోస్ ఎక్కించడానికి కంపెనీ ఒక మూట ఇస్తుంది. మేము ఇమేజ్ అంటాం. ఆ మూట విప్పొచ్చు. లోపలున్నవి ఒక్కొక్కటీ చూసి, అక్కర్లేనివి తీసేసి, మళ్ళీ బిగించి కట్టొచ్చు. దానికి మౌసు పనికిరాదు, నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేసుకుంటూ పోవాలి. ఒక్కటి ఎక్కువ తీస్తే మెషిన్ లేవదు. మళ్ళీ మొదటికి. ఆటలు తీసేశాను. వాతావరణం, వార్తలు, మ్యాపులు తీసేశాను. పిలవకపోయినా పలికే ఆ ఆడగొంతు అసిస్టెంటుని తీసేశాను. చచ్చిందనుకున్న మెషిన్ లేచి పరుగెత్తేది. గిద్దలూరు నుంచి, కంభం నుంచి షాపుల వాళ్ళు పెన్‌డ్రైవులు పట్టుకుని వచ్చేవాళ్ళు. దానికి పేరు నేను పెట్టలేదు. వాళ్ళే "అక్క విండోస్" అన్నారు.

ఇది కంపెనీ ఒప్పుకునే పని కాదు. తెలుసు. ఒప్పుకోకపోతే పోనీ. కంపెనీ లెక్కలో మా మెషిన్లు చెత్త. కొత్తది కొనుక్కోండి అంటుంది. ఎవరు కొంటారు? వానను నమ్ముకుని కంది వేసుకునే ఊళ్ళలో కొత్త మెషిన్ అనగానే వస్తుందా? ఆ పాత డబ్బాల మీదే జనం దరఖాస్తులు పెట్టుకున్నారు, బిల్లులు కొట్టుకున్నారు, పిల్లలు పాఠాలు నేర్చుకున్నారు. నేను మూట విప్పడం తప్పంటే, తప్పే అనుకోండి. రేపు పొద్దున కూడా విప్పుతాను.

నా తప్పు అక్కడ లేదు. ఇంకొంచెం లోపల ఉంది.

సైజు తగ్గించడం ఒక పిచ్చి. అలవాటైనవాళ్ళకి తెలుస్తుంది. మొదట అవసరం కోసం తీస్తాం. తర్వాత తీయడం కోసమే తీస్తాం. అప్పటికే నా ఇమేజ్ చిన్న పెన్‌డ్రైవులో హాయిగా పడుతోంది. అయినా ఇంకాస్త తగ్గితే బాగుండుననిపించింది. ఎందుకు? ఎవరికి? రఫీ చూసి నోరు తెరవాలని. రఫీ అంటే గిద్దలూరులో నాలాగే షాపు నడిపే మనిషి. అతనూ ఇలాంటివి చేయబోయి, కుదరక నా దగ్గరికే వచ్చేవాడు. అతని ముందు నేను ఇంకా మెట్టు పైన ఉండాలి.

అప్పుడు ఫాంట్ల మీద, అంటే అక్షరాలని తెర మీద చూపించే ఫైళ్ళ మీద పడ్డాను. చైనా వాళ్ళవి, జపాన్ వాళ్ళవి, కొరియా వాళ్ళవి తీసేశాను. మన దేశపు లిపులన్నీ కలిపి ఒక్క ఫాంటులో ఉంటాయి. హిందీ, తమిళం, కన్నడం, తెలుగు. దాని మీద చెయ్యి ఒక్క క్షణం ఆగిందని చెప్పుకుంటే బాగుంటుంది. ఆగలేదు. తెలుగు పోతుందని తెలిసే తీశాను. ఇక్కడ ఎవరికి పని దానితో అనుకున్నాను.

మీకు వింతగా ఉండొచ్చు. మా షాపులన్నీ తెలుగులోనే బతుకుతాయి కదా, పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. నిజమే. కానీ ఆ తెలుగు వేరు. డీటీపీ వాళ్ళకి సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అందులో సొంత అక్షరాలు ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరాలే, పైకి తెలుగు వేషం వేసుకుంటాయి. వాటికి విండోస్‌లో ఉండే తెలుగు అక్కర్లేదు. పెళ్ళికార్డు తెరిచి చూశాను, బ్రహ్మాండంగా వచ్చింది. బిల్లు కొట్టి చూశాను, వచ్చింది. ప్రింటు వచ్చింది. తెలుగు గడ్డ మీద, తెలుగు అచ్చు వేసుకునే జనం కోసం, తెలుగు లేని విండోస్ చేసి భుజం తట్టుకున్నాను.

ఆ కొత్త ఇమేజ్ మొదట ఎక్కించినవాటిలో రంగమ్మత్త లాప్‌టాప్ ఒకటి.

రంగమ్మత్తది కొనకనమిట్ల దగ్గర పల్లె. ఆమె భర్త కేశవులు మామకి అక్కడ చిన్న కిరాణా దుకాణం. సరుకు మా నాయన దగ్గర తీసుకునేవాడు కాబట్టి చిన్నప్పటి నుంచి అత్తా మామా అని పిలవడం అలవాటు. మామకి గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. మాట పోయింది. వాళ్ళ మేనల్లుడు ఒక పాత లాప్‌టాప్ ఇచ్చి, తెలుగులో టైపు చేయడం నేర్పించాడు. మామ తను చెప్పాలనుకున్నది టైపు చేసేవాడు, అత్త చదువుకుని జవాబు చెప్పేది. కొంతకాలం అలా కాపురం చేశారు. తర్వాత మామ పోయాడు.

అత్త ఆ లాప్‌టాప్‌ని కండువాలో చుట్టుకుని తెచ్చింది. తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది, మీ మామ మాటలు చూసుకోవాలంటే విసుగొస్తోంది, కాస్త చూడమ్మా అంది. నేను ఫైళ్ళన్నీ షాపు డిస్కులోకి కాపీ చేసుకున్నాను, అందరివీ అలాగే చేస్తాను. మెషిన్‌లో ఉన్నదంతా చెరిపేసి, కొత్త ఇమేజ్ ఎక్కించి, ఫైళ్ళు తిరిగి పెట్టి ఇచ్చాను. తెరిచి చూడలేదు. లేచిన వేగం చూసి అత్త సంతోషపడింది. నేను ఇంకా ఎక్కువ సంతోషపడ్డాను.

రెండోరోజో మూడోరోజో మళ్ళీ వచ్చింది. ఆ రోజు షాపు నిండా మనుషులు. కొత్త ఇమేజ్ కోసం నాలుగు ఊళ్ళ షాపుల వాళ్ళు వచ్చి ఉన్నారు. రఫీ నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇందులో తీయకూడనిది ఒక్కటి కూడా తీయలేదు అని అప్పుడే గొప్పగా చెప్పి నోరు మూశాను.

అత్త లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. తెర నిండా డబ్బాలు. అక్షరానికొక డబ్బా. వరసలు వరసలుగా ఖాళీ డబ్బాలు.

"ఏందమ్మా ఇది? మీ మామ రాసినయ్యన్నీ డబ్బాలైనాయి."

చూడగానే తెలిసిపోయింది నాకు. ఫైలుకి ఏమీ కాలేదు. ప్రతి అక్షరమూ అక్కడే ఉంది. చూపించే ఫాంటు లేదు, అంతే. ఒక్క ఫైలు తెచ్చి పెడితే మామ మాటలన్నీ లేచి కూర్చుంటాయి. టీ తాగినంతసేపు కూడా పట్టదు.

రఫీ ముందుకి వంగి చూశాడు. "అక్కా, తెలుగు గాని తీసేసినావా ఏంది?"

వెక్కిరించలేదు. మామూలుగానే అడిగాడు. మిగతావాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి.

"నేనెందుకు తీస్తా రఫీ? డిస్కు పాతది. ఫైలు చెడిపోయింది అత్తా."

"నీ కాడికి తెచ్చే ముందురోజు గూడ చదువుకున్నా గదమ్మా."

"ఒక్కోసారి అట్లనే అవుతుంది."

అత్త తెర వంకే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత తన కుడిచెయ్యి తను చూసుకుని, నెమ్మదిగా అడిగింది.

"ఇంటికాడ తెరిచేటప్పుడు నేనేమన్నా నొక్కరానిది నొక్కినానా?"

కాదు అనాలి. ఒక్క ముక్క. కాదత్తా. అబద్ధంలోనే ఉండి కూడా ఆ మాట అనొచ్చు, ఫైలు దానంతటదే పోయిందనొచ్చు. కానీ ఆమె నాకు దారి చూపించింది. ఆ దారిలో నా ఇమేజ్ మీద మచ్చ పడదు, రఫీ ఇంకేమీ అడగడు, షాపు ఖాళీ అవుతుంది.

"అయ్యుండొచ్చత్తా" అన్నాను.

ఇదీ నా తప్పు. ఫాంటు తీయడం కాదు, ఫైలు చెడిపోయిందనడం కూడా కాదు. ఆ రెండూ ఎక్కడైనా జరిగేవే. ఆ ఆడమనిషి మొగుడి మాటల్ని ఆమె వేలితోనే చంపించాను. అది నేను అన్న మాట. నా నోటితో, తెలిసి.

అత్త ఏడవలేదు. ఈ డబ్బాలు చూడలేనమ్మా తీసెయ్ అంది. అందరి ముందూ తీసేశాను. ఈ మెషిన్ ఎవరన్నా చదువుకునే పిల్లకి ఇయ్యి అని అక్కడే వదిలేసి, కండువా మడిచి చంకలో పెట్టుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక ఫాంటు తిరిగి ఇమేజ్‌లో పెట్టాను. ప్రింటర్ ఇబ్బంది ఏదో ఉంది, పాతది వాడొద్దు, కొత్తది తీసుకోండి అని అందరికీ కబురు పంపాను. రఫీ సరే అక్కా అన్నాడు. అతనికి అర్థమైందా? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను తినేసేది.

తర్వాత నా డిస్కులో ఉన్న కాపీ తెరిచాను. పెద్ద పెద్ద అక్షరాలతో మామ.

నీళ్ళు. ఫ్యాను తగ్గించు. ఆ వచ్చినాయన ఎవరు, నాకు గుర్తు రాలా. శనగపప్పు మూట కింద ఎలుకలు చేరినయి చూసుకో. ఉప్పు ఎక్కువైంది. అయినా తింటా. ఏడవాకు, నువ్వు ఏడిస్తే నేను ఏం టైపు చేసేది.

అంతా అదే. గొప్ప మాట ఒక్కటీ లేదు. మామ ఏదీ తుడిపేవాడు కాదు, కింద కింద టైపు చేసుకుంటూ పోయాడు. మళ్ళీ నీళ్ళు కావాలంటే పైకి వెళ్ళి పాత 'నీళ్ళు' మీదే వేలు పెట్టి చూపించేవాడట, అదీ అందులోనే ఉంది, అత్త ఎందుకో నవ్వినట్టుంది, నవ్వుతావెందుకు, మళ్ళీ కొట్టాలంటే చేతులు నొప్పి, అందుకే పాతదే చూపించా అని రాశాడు. అన్నీ ఒక పక్క మాటలే. రెండో పక్క మాటలు అత్తవి, అవి ఎక్కడా లేవు. చదవకూడనిది చదివేశానని అర్థమైంది. అయినా చివరిదాకా చదివాను.

మరి ఎందుకు ఇవ్వలేదు? ఇదే నన్ను నేను అడుక్కుంటూ వచ్చాను. ఇవ్వడం ఎంత సులువో చూడండి. మర్నాడే బస్సెక్కి వెళ్ళి, అత్తా, ఎట్లనో కష్టపడి తెప్పించినా అంటే సరిపోయేది. ఆమె నా తలమీద చెయ్యి పెట్టి దీవించేది. ఊరంతా చెప్పుకునేది. ఇంకో అబద్ధం, అంతే, అదీ మంచి చేసే అబద్ధం. నేను ఆ పని చేయలేదు. ఆ దీవెన తీసుకుంటే నేను నిజంగానే నీచురాలినవుతానని అనుకున్నాను. చెప్తే నిజమే చెప్పాలి, లేకపోతే ఊరుకోవాలి అని పెద్ద నియమం పెట్టుకున్నాను. చూడటానికి ఎంత నిజాయితీగా ఉందో కదా! ఆ నియమం ఖరీదు ఎవరు కట్టారు? నేను కాదు. నా చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి ఆమెని ఆ ఇంట్లో మాటా పలుకూ లేకుండా వదిలేశాను. పొగరు ఎన్ని చీరలు మార్చుకుని వస్తుందో నాకు అప్పుడు తెలియలేదు.

ఏళ్ళు గడిచే కొద్దీ ఇంకా కష్టమైంది. మొదటి నెలలో చెప్తే పొరపాటు అంటారు. ఇన్నేళ్ళకి చెప్తే ఏమంటారు? అత్త బజారులో కనపడితే పలకరించేది, నాయన బాగున్నాడా అనేది. నేను నవ్వేదాన్ని. నవ్వగలిగేదాన్ని, అదొక విద్య.

ఈ మధ్య మార్కాపురంలోనే ఒక పెళ్ళిలో పక్క పక్కన కూర్చున్నాం. ఎవరో పిల్ల ఫోనులో ఫోటోలు చూపిస్తూ, ఇంద అవ్వా, పక్కకి జరుపుకుంటా చూడు అని ఫోను ఆమె చేతికి ఇవ్వబోయింది. అత్త రెండు చేతులూ గబుక్కున వీపు వెనక్కి పెట్టేసుకుంది. "నాకియ్యాకమ్మా. నేను ముట్టుకుంటే పోతయి" అంది. నవ్వుతూనే అంది. చుట్టూ అందరూ నవ్వారు. ఆమె ఇంట్లో అది పాత హాస్యమట. ఫోను మోగినా ఎత్తదట, ఎవరన్నా వచ్చి నొక్కాల్సిందేనట.

ఆ చేతులు వెనక్కి పోయింది నా మాట వల్ల. మామ మాటలు పోగొట్టుకున్న దుఃఖం ఒకటి, పోగొట్టింది తనే అనుకునే దుఃఖం ఇంకొకటి. రెండోది పూర్తిగా నా సొంత తయారీ. పెళ్ళి నుంచి ఇంటికి వస్తూ నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, దారిలో మా ఆయన ఏదో అడిగితే అతని మీద అరిచాను.

ఆ వారంలోనే షాపులో ఉన్న ఒక లాప్‌టాప్‌లో మామ ఫైలు పెట్టుకుని బస్సెక్కాను. అత్త వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కాఫీ పెడతానని లేవబోయింది. వద్దని, నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఫాంటు అంటే ఏమిటో చెప్పాను, ఎందుకు తీశానో చెప్పాను, రఫీ పేరు చెప్పాను. నువ్వు ఏమీ నొక్కలేదత్తా, నీ వేలు కాదు, నేనే, తెలిసే అబద్ధం చెప్పినా అన్నాను. తప్పయిపోయిందని కాళ్ళ మీద పడలేదు. పడితే ఆమె లేవదీయాలి. ఆ పని కూడా ఆమెకే అంటగట్టడం ఇష్టం లేకపోయింది.

ఆమె గింజలు తీస్తూనే ఉంది. లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, ఫైలు తెరిచి, అక్షరాలు పెద్దవి చేశాను. చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది. దగ్గరికి జరిగింది. పెదాలు కదుపుతూ చదివింది.

'దుకాణం తాళం ఏసినావా.'

"ఏసినా" అంది తెరతో.

'అల్లం కాఫీ వద్దు.'

"పొద్దున నువ్వే అడిగితివి గదా పెట్టమని" అంది.

ఒక పేజీ అయింది. కిందికి జరపాలి. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నేను వంగి మీట నొక్కాను. ఇంకో పేజీ అయింది. మళ్ళీ నేను చెయ్యి పెట్టబోయాను. అప్పుడు ఆమె నా మణికట్టు పట్టుకుని పక్కకి తోసింది. గట్టిగానే తోసింది. తన వేలు తెచ్చి మీట మీద పెట్టి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, నొక్కింది. అక్షరాలు పోలేదు. కిందివి పైకి వచ్చాయి. మళ్ళీ నొక్కింది. నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నాకోసం మంచిది ఏదీ లేదు. తర్వాత మామకి జవాబు చెప్పుకుంటూ ఆమె పనిలో ఆమె పడిపోయింది.

బస్సు వేళ దాకా వరండా మెట్టు మీద కూర్చుని లేచాను. లాప్‌టాప్ ఆమెకే వదిలేశాను. వెళ్ళొస్తానంటే తల ఎత్తలేదు.

ఆమె క్షమించలేదు. నేను అడగలేదు. బస్సులో నుంచే రఫీకి ఫోను చేసి, ఆ రోజు నువ్వడిగింది నిజమే, తెలుగు నేనే తీసేసినా అని చెప్పాను. అతను తెలుసక్కా అన్నాడు. ఈపాటికి ఆ పల్లెలో అందరికీ తెలిసి ఉంటుంది, రేపో ఎల్లుండో మార్కాపురం బజారులో కూడా అనుకుంటారు. అనుకోనీ. షాపు మూయను, ఇమేజ్‌లు చేయడం మానను. ఎవరైనా వచ్చి అక్కా, అది నిజమేనా అని అడిగితే, నిజమే అని చెప్తాను.